కడప సముద్రం ఒడ్డెంబడి ఆరు దినాలు

"సెలవులు అయిపోతాండాయి, సముద్రం చూసొద్దాం బావా" అంటే మా బావ చీరాల అనుకున్నాడు. నేను అనంతపురం నుంచి తాడిపత్రికి బస్సులో దిగేసరికి బొలేరోలో రెండు లుంగీలు, పెద్ద తువ్వాల, అక్క వేయించిచ్చిన చెనిక్కాయల సంచి పెట్టుకుని తయారుగా ఉన్నాడు. కడప దాటినాక రాయచోటి రోడ్డుకు తిప్పమన్నప్పుడే ఆయనకు అనుమానం వచ్చింది.

"ఈ దిక్కు సముద్రం యాడుందప్పా?"

"పోతా ఉంటే వస్తుందిలే."

బావది నాపరాళ్ల పాలిషు మిషను. ఇరవై ఏండ్లుగా ఆయన కోస్తున్నది సముద్రం అడుగునే. ఆ మాట ముందే చెప్తే రాడని చెప్పలేదు. కోట్ల ఏండ్ల కింద ఈ సీమలో సముద్రం ఉండేది, ఇప్పుడు దాని అడుగే రాయై మిగిలింది. నెలవంక ఆకారంలో 440 కిలోమీటర్ల పొడవు, వెడల్పైన చోట 145 కిలోమీటర్లు, మొత్తం 44,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని కడప బేసిన్ అంటారు. దాని తూర్పు ఒడ్డు దొరకదు. ఆ వైపు నుంచి నేల నెట్టుకొచ్చి పొరలన్నీ నల్లమల కొండలుగా మడతలు పడినాయి. పడమటి ఒడ్డు మాత్రం వేసిన పక్క వేసినట్టే ఉంది. అది పాత కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల గుండా పోతుంది. దాని వెంట పోదామని నా ఆలోచన.

మొదటి దినం: గువ్వలచెరువు

గువ్వలచెరువు అంటే కడపోళ్లకు పాలకోవ. రాళ్ల చదువు చదివినోళ్లకు "గుల్చేరు క్వార్ట్‌జైటు" అనే గట్టి ఇసుకరాయి. దొరల నోట్లో పడి ఊరి పేరు అట్ల నలిగిపోయింది. కడప సముద్రంలో అన్నింటికన్నా అడుగు పొరకు ఆ నలిగిన పేరే ఖాయమైంది.

గ్రానైటు గుట్టలు అయిపోయి పొరల కొండ మొదలయ్యే చోట బండి ఆపినాం. కింద గ్రానైటు, పొరల్లేని ముద్ద. దాని మీద కోడిగుడ్డంత, నిమ్మకాయంత పలుగురాళ్లు ఇసుకలో ఇరుక్కుని గట్టిపడిన పట్టీ. ఆ పైన ఇసుక గట్టిపడిన రాయి, పొర మీద పొర. చెయ్యి వెడల్పుగా పెడితే బొటనవేలు గ్రానైటు మీద, చిటికెనవేలు గులకరాళ్ల మీద. ఆ రెండు వేళ్ల మధ్య సుమారు 50 కోట్ల ఏండ్ల ఖాళీ ఉంది. గ్రానైటు గట్టిపడి, ఎండకూ వానకూ అరిగి, చదునై, చివరికి నీళ్లు వచ్చి దాన్ని తాకినాయి. తిరుమల ఘాట్ రోడ్డులో ఇట్లాంటి సంధి దగ్గరే బోర్డు పెట్టి జాతీయ భూగర్భ స్మారకమన్నారు. అక్కడ మొక్కు తొందరలో ఎవురూ ఆగరు. ఇక్కడైతే బోర్డే లేదు.

బావ ఒక గులకరాయి మీద గోరుతో గీకి చూసి, "ఇది ఏట్లో పొర్లిన రాయి" అన్నాడు. సరిగ్గా అదే. గుండ్రని రాయంటే నీళ్లలో దూరం దొర్లిన రాయి. ఏర్లు తెచ్చి ఒడ్డున పోసినవి.

"అంటే ఇదేనా నీ సముద్రం?"

"ఇది ఒడ్డు."

ఆయన ఏం మాట్లాడకుండా పోయి అర కిలో పాలకోవ కట్టించుకుని బండిలో కూర్చున్నాడు. కడపలో లాడ్జికి చేరేదాకా నాతో మాట్లాడలేదు, కోవ కూడా పెట్టలేదు.

ఇంకొక దినం ఉంటే ఓబులవారిపల్లె మండలం మంగంపేటకు పోవలసింది. ముగ్గురాయి గని అది. ఒకే చోట అంత ముగ్గురాయి ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటారు. ఇదీ ఆ పాత సముద్రం అడుగున పేరుకున్నదే. నీళ్ల కన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి నూనె, గ్యాసు ఎగదన్నకుండా దీని పొడిని బురదలో కలిపి బావిలోకి దించుతారు. ఇక్కడి సముద్రం ఎండిపోయి, దాని రాయి పొడై, వేరే సముద్రాల నడిబొడ్డున బావుల్లోకి పోతోందన్నమాట.

రెండో దినం: గండి, వేంపల్లె, పులివెందుల

నాకు ఈ ఆరు దినాల్లో బాగా నచ్చింది ఇదే.

పాపాఘ్ని కర్ణాటకలో పుట్టి గ్రానైటు సీమ దాటుకుని ఉత్తరానికి వస్తుంది. గండి దగ్గర కొండను నిలువునా చీల్చుకుని వేంపల్లె మైదానంలోకి దిగుతుంది. రాముడు బాణం మొనతో ఆంజనేయుని బొమ్మ గీసి చిటికెనవేలు విడిచిపెట్టినాడనే గుడి ఇక్కడిదే. ఏటి తోవ పట్టుకుని దక్షిణం నుంచి వస్తే మొదట గ్రానైటు, గండిలో గుల్చేరు రాయి, దాటగానే వేంపల్లె సున్నపు రాయి. అంటే ఒడ్డు నుంచి అడుగు అడుగున నీళ్లలోకి దిగుతున్నట్టు. విలియం కింగ్ అనే ఇంగ్లీషాయన 1872లో భారత భూగర్భ సర్వే కోసం కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం అచ్చు వేసినాడు. ఈ అడుగు పొరల జట్టుకు ఈ ఏటి పేరే నిలిచింది, పాపాఘ్ని అని.

గుడిలో దండం పెట్టుకుని, టిఫిను సెంటర్లో ఉగ్గాని, బజ్జి తిని, ఒక గుట్టెక్కినాం. మేకలు మేపుతున్న ఒకామె మమ్మల్ని సర్వేవాళ్లనుకుంది. "ఈ రాయి మీద మేకలు నిలబడవు సామీ, గిట్టలు కోసుకుంటాయి" అంది. నిజమే. సున్నపు రాయి వానకు కరిగిపోయి గరుకుగా ఏనుగు తోలులా అవుతుంది. దాని మధ్యలో ఉన్న చెకుముకి పట్టీలు కరగవు, అందుకే కత్తుల్లా పైకి లేచి ఉంటాయి. నేను పుస్తకంలో చదివింది ఆమెకు మేకలు చెప్పినాయి.

వెతుకుతున్నది అక్కడే దొరికింది. బండ మీద పళ్లెమంత గుండ్రాలు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి. బావ వంగి చూసి, "ఎర్రగడ్డ అడ్డంగా కోసినట్టుందే" అన్నాడు. పక్కన నిలువునా పగిలిన చోట చూస్తే గిన్నెలు బోర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వంపులు. వీటిని స్ట్రొమటొలైట్లంటారు. కంటికి కనపడని నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు లోతు లేని నీళ్ల అడుగున జిగట చాపలాగా పరుచుకుంటాయి. నీళ్లలోని సన్నటి సున్నపు బురద ఆ జిగటకు అంటుకుంటుంది. బురద కప్పేస్తే వెలుతురు అందదు కాబట్టి జీవులు దాన్ని దాటి పైకి పాకి ఇంకో చాప వేస్తాయి. మళ్లీ బురద, మళ్లీ చాప. ఆస్ట్రేలియాలో షార్క్ బే అనే చోట ఇట్లాంటివి ఇప్పటికీ బతికి పెరుగుతున్నాయి. ఎండ తగలాలి కాబట్టి ఇవి ఉన్నాయంటే నీళ్లు లోతు లేవని లెక్క. ఆ పక్కనే ఎండిన చెరువు నెర్రెలు విచ్చినట్టు పగుళ్ల అచ్చులు కూడా రాతిలో ఉన్నాయి. అప్పుడప్పుడూ నీళ్లు పూర్తిగా తగ్గి బురద ఎండిపోయేదన్నమాట.

"చేపలు? గవ్వలు?" అన్నాడు బావ.

"చేప పుట్టేదానికి ఇంకా 130 కోట్ల ఏండ్లు పైనే ఉంది బావా. అప్పటికి ఈ జిగటే లోకం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ నింపింది ఈ జాతే."

ఆయన కాసేపు ఆ ఎర్రగడ్డ గుండ్రాల మీద చెయ్యి ఆడించినాడు. పాలకోవ పొట్లం అప్పుడు విప్పినాడు.

పులివెందులకు పోతుంటే నల్లటి రాళ్ల గుట్టలు కనపడతాయి. రాతిపొరల సందుల్లోకి భూమి లోపలి నుంచి కరిగిన రాయి పలకలాగా చొచ్చుకుని గడ్డకట్టిన చోట్లు అవి. సున్నపు రాయికి వయసు కట్టడం కష్టం. ఈ నల్ల రాయికైతే కట్టొచ్చు. పులివెందుల దిక్కు అట్లాంటి ఒక పలక వయసు సుమారు 189 కోట్ల ఏండ్లని తేలింది. చొచ్చుకొచ్చింది 189 కోట్లదైతే, చొప్పించుకున్న పొర అంతకన్నా పాతదే అయి ఉండాలి. ఇంటికి వచ్చిన అల్లుడి వయసు తెలిస్తే ఇల్లు ఎప్పటిదో ఒక అంచనా దొరికినట్టు. ఆ వేడికి ఉడికిన సున్నపు రాయిలోనే బ్రాహ్మణపల్లి దగ్గర రాతినార (ఆస్బెస్టాస్) పుట్టింది, ఒకప్పుడు తవ్వి తీసినారు. తుమ్మలపల్లె యురేనియం గని ఉన్నది కూడా ఈ వేంపల్లె పొరలోనే. దూరం నుంచే చూసినాం.

రాత్రి పులివెందులలో సంగటి, నాటుకోడి పులుసు. కరెంటు రెండు తూర్లు పోయింది.

మూడో దినం: గండికోట

గండికోట గురించి అందరూ రాసినారు, నేను కొత్తగా చెప్పేది కొంచెమే. అందరూ అంచున నిలబడి పెన్న లోయను ఫోటో తీస్తారు, అది అట్ల తీయదగిందే. నేను చెప్పేది కాళ్ల కింద చూడమని. జుమ్మా మసీదు దాటి అంచుకు పోయే బండల మీద అలల గుర్తులు ఉన్నాయి. బెత్తెడు దూరానికొక గీర, ఏటి ఇసుకలో నీళ్లు తీసినాక మిగిలే వరుసల్లాగా. గీరకు రెండు పక్కలా వాలు ఒకే రకంగా ఉంటే నీళ్లు ముందుకూ వెనక్కూ ఊగినట్టు, అంటే ఒడ్డు దగ్గరి అలలు. ఒక పక్క వాలు పొడుగ్గా, ఇంకో పక్క నిటారుగా ఉంటే నీళ్లు ఒకే దిక్కుకు పారినట్టు. మేం చూసిన బండ మీద ఊగిన నీళ్లే.

ఒక పెండ్లికాని జంట ఆ గీరల మీదే కూర్చుని సెల్ఫీ దిగుతున్నారు. లేవమనడానికి మనసొప్పలేదు.

నాలుగో దినం: బెలుం, తాడిపత్రి

జమ్మలమడుగు నుంచి కొలిమిగుండ్ల దిక్కు పోతే కొండలు చప్పబడి నేల చదునవుతుంది. నిన్నటిదాకా చూసిన సముద్రం వేరు, ఇక్కడి నుంచి వేరు. పాతది వెనక్కు పోయి, దాని రాళ్లు కొండలై, అరిగి, చాలా కాలానికి మళ్లీ నీళ్లొచ్చినాయి. ఈ రెండో దాని పొరలకు పెట్టిన పేర్లు కింది నుంచి పైకి చెప్తే ఆర్టీసీ కండక్టరు కేకేసినట్టుంటాయి: బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. వీటన్నింటినీ కలిపి కర్నూలు జట్టు అంటారు.

బెలుం గుహలు ఉన్నది నార్జి సున్నపు రాయిలో. పైన చూస్తే చేను, మధ్యలో బావి లాంటి గుంత, దాంట్లోంచి దిగితే 3,229 మీటర్ల గుహ. 1884లో భూగర్భ సర్వేలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీన్ని గురించి రాసినాడు. తర్వాత దాదాపు వందేండ్లు పట్టించుకున్నోళ్లు లేరు, ఊరి చెత్త ఆ గుంతల్లోనే పోసేవాళ్లు. 1982, 83లలో డేనియల్ గెబావర్ అనే జర్మనాయన బృందం లోపలికి పాకి కొలతలు తీసింది. 2002లో జనానికి తెరిచినారు. వాన నీళ్లు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు గాలిని కలుపుకుని కొంచెం పులుపెక్కి, రాతి పగుళ్లలో దిగి, సున్నాన్ని కరిగిస్తా కరిగిస్తా ఈ దారులు చేసినాయి. సముద్రం వేసిన రాయిని వాన తినేసిందన్నమాట. లోపల ఉక్క. గాలి గొట్టాలున్నా చొక్కా తడిసి ముద్దయింది. పాతాళగంగ దగ్గరికి దిగేటప్పుడు బావ గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడిపోయినాడు.

"ఇది మన రాయే గదా" అన్నాడు. "నా మిషను కాడ ఉండే నల్లబండ."

అక్కడి నుంచి తాడిపత్రి చేరేదాకా మాట్లాడింది ఆయనే. తోవలో ఒక గని దగ్గర ఆపి కిందికి దింపినాడు. నాపరాయిని పేల్చరు. గడ్డపార మొన పొర సందులో పెట్టి, సమ్మెటతో నాలుగు దెబ్బలేసి, ఇద్దరు ఎత్తితే మంచం అంత పలక పైకి లేస్తుంది. పనోళ్లు ముందు రాయిని కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టి పొర, బొద్దుగా మోగితే లోపల పగులు. ఇంత నున్నగా ఎట్ల లేస్తుందని అడిగితే ఒకాయన సందులో వేలు పెట్టి తీసి చూపించినాడు, వేలికి బూడిద రంగు మన్ను. "రెండు బండల మధ్య ఈ కాగితమంత మన్ను ఉండాది సార్. అదే లేకుంటే మాకు కూడు లేదు."

నేను తరగతిలో పదేండ్లు చెప్పినా ఇంత సూటిగా చెప్పలేదు. గండికోటలో అలలున్న నీళ్లు, ఇక్కడ అలలు తాకని నిమ్మళమైన నీళ్లు. సున్నపు బురద నిదానంగా దిగుతుంది. ఎప్పుడైనా ఏర్లు బంకమన్ను తెస్తే పల్చటి పొర పడుతుంది. మళ్లీ సున్నం. ఆ మన్ను పొర దగ్గరే రాయి విడిపోతుంది. సీమలో ఇండ్ల బండలు, అరుగులు, పెరట్లో బట్టలుతికే రాళ్లు, చేని గట్టున కడ్డీల్లా పాతినవి, బేతంచెర్లవైనా తాడిపత్రివైనా అన్నీ ఆ కాగితమంత మన్ను పుణ్యమే. ముద్దగా ఉన్న సున్నపు రాయిని సిమెంటు ఫ్యాక్టరీలు తీసుకుంటాయి.

మిషను దగ్గర బావ రాజు. చక్రం నీళ్లతో తిరుగుతుంటే బండ అంచు నుంచి తెల్లటి బురద కారి కాలవలో పడుతుంది. ఆ బురదను ఎక్కడ పోయాలనేదే ఊరి తగాదా. రోడ్డు పక్కన, వంక గట్టున, యాడ చూసినా తెల్ల దిబ్బలు. బావ కూడా పోస్తాడు, దాచను. ఆ కాలవ దగ్గర నిలబడి నేనంటి, "సముద్రంలో దిగిన బురదే బండయింది, నువ్వు మళ్లీ బురద చేస్తాండావు."

"నీళ్లున్న చోట పోసేసి వంద కోట్ల ఏండ్లు ఆగితే మళ్లీ బండ అయితాది గదా అయివారూ" అన్నాడు. అక్క లోపలి నుంచి నవ్వింది.

అయిదో దినం: జ్వాలాపురం, బేతంచెర్ల

బనగానపల్లెలో మామిడి పండ్లు కొనకుండా పోతే పాపం. రెండు డజన్లు కొన్నాం.

జుర్రేరు లోయలో జ్వాలాపురం పొలాల మధ్య తవ్విన గుంతల్లో తెల్లటి బూడిద కనపడుతుంది, కొన్ని చోట్ల రెండు మీటర్ల మందం. బంగాళాఖాతం అవతల సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏండ్ల కింద పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి పడిన బూడిద. పురావస్తు పరిశోధకులు రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఇక్కడ తవ్వి, బూడిద పొర కిందా పైనా కూడా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించింది. అంత బూడిద పడినా ఇక్కడ మనుషుల జాడ తెగలేదు. కోట్లలో లెక్కలేసుకుంటా వచ్చిన మాకు 74,000 ఏండ్లంటే మొన్నటి మాట అనిపించింది. వేలితో తాకితే గోధుమపిండి కన్నా మెత్తగా ఉంది. బావ చిటికెడు నోట్లో వేసుకోబోతే ఆపినాను. అది గాజు పొడి.

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలకు చేరేసరికి ఎండ నెత్తి మాడ్చేస్తోంది. కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో వీటిలో ఎముకలున్నాయని రాసినాడు. నలభై ఏండ్లకు ఫుట్, ఆయన కొడుకు వచ్చి తవ్వినారు. నాకు ఎముకల మీద కన్నా నీడ మీదే ధ్యాస ఉన్నింది, నిజం చెప్పాలంటే. టైరు పంక్చరై డోన్ చేరేసరికి రాత్రి పది.

ఆరో దినం: జొన్నగిరి

రాత్రి వాన పడింది. బావకు లాడ్జి కుర్రోడు చెప్పినాడట: "తుగ్గలి దిక్కు పోండి సార్, వాన పడింది, రాళ్లు తేలింటాయి." నా తోవ కూడా అటే.

జొన్నగిరి సముద్రానికి ఇవతల, పడమటి నేల. అశోకుని శాసనాలున్న ఎర్రగుడి బండలు ఈ దాపునే. తొలకరి వానలకు ఈ చేన్లలో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వజ్రం పుట్టేది 150 కిలోమీటర్లకు పైబడిన లోతులో. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర సుమారు 110 కోట్ల ఏండ్ల కింద ఒక రకం కరిగిన రాయి గొట్టాల్లాంటి దారుల్లో పైకి దూసుకొచ్చి వాటిని వెంట తెచ్చింది. కింబర్లైటు అంటారు ఆ రాయిని. నిన్న దాటిన బనగానపల్లె పొర అడుగు గులకరాళ్లలో కూడా వజ్రాలు దొరికినాయి. అవి వజ్రకరూరు దిక్కువే అయితే, ఏర్లు వాటిని తూర్పుకు మోసుకుపోయి రెండో సముద్రం ఒడ్డున పోసినట్టు. అట్లయితే ఆ సముద్రం 110 కోట్ల ఏండ్లకు ఇటువైపుది అని కూడా తేలుతుంది. ఇదంతా నేను చెప్తుంటే బావ వినలేదు. బండి దిగి చేన్లోకి పోయినాడు.

చేనంతా మనుషులు. ఎవురూ మాట్లాడరు. తలకాయ దించుకుని, అడుగు తీసి అడుగు వేసి, ఉదయపు ఎండ ఏటవాలుగా పడేటట్టు తూర్పుకు మొగం పెట్టి నడుస్తారు. చింతచెట్టు కింద ఒక కుటుంబం మూడు రాళ్ల పొయ్యి పెట్టి అన్నం వండుతున్నారు. నాలుగో దినమట వాళ్లకు. ఏమైనా దొరికిందా అని అడిగితే పెద్దాయన కొంగుముడి లాంటి గుడ్డ విప్పి మెరిసే రాయి చూపించినాడు. బావ తీసుకుని వెలుగుకు పట్టి, నాలికతో తడి చేసి, తిరిగిచ్చినాడు.

"పలుగురాయి నాయనా. మా గువ్వలచెరువు కాడ కొండనిండా ఉండాయి."

అట్ల చెప్పిన మనిషే లుంగీ ఎగ్గట్టి వరసలో చేరినాడు. పదకొండయింది, పన్నెండయింది. మామిడి పండ్లు నేనొక్కడినే తింటున్నాను. అక్క ఫోను చేస్తే తీసుకుపోయి ఆయన చెవి దగ్గర పెట్టినాను.

"సముద్రం చూడడం అయిపోయిందా?" అంటోంది.

బావ తల ఎత్తలేదు. "ఒడ్డు దాటి వచ్చినాంలే, ఉండు, ఇంకా రెండు సాళ్లు మిగిలుండాయి" అన్నాడు.